నబీ సాయిబు చెప్పిన ఆనవాళ్ళు

బందరు ఖబరస్తాన్‌లో గోతులు తవ్వే నబీకి మనుషులంటే కాస్త బెరుకు ఉండేది గానీ మట్టి అంటే ఏ భయమూ ఉండేది కాదు. తండ్రి వెనకాల తిరిగి నేర్చుకున్న పని. ఎక్కడ తవ్వితే నీరు ఊరుతుందో కాలితో తొక్కి చెప్పేవాడు. అతనికి ఒక్కటే పట్టింపు. ముఖం చూడకుండా ఎవర్నీ లోపలికి దించనిచ్చేవాడు కాదు. "చివరిసారి చూసేది నేనే కదండీ, సరిగ్గా చూడాలి" అనేవాడు.

డెబ్బై ఏడు నవంబరులో ఉప్పెన వచ్చింది. మూడో రోజున దివిసీమకి లారీ వెళ్తోందనీ, శవాలు పూడ్చడానికి మనుషులు కావాలనీ కబురు చేశారు. భార్య ఖైరున్ బీ వద్దు వద్దంటున్నా వినకుండా నబీ పలుగూ పారా తీసుకుని లారీ ఎక్కాడు.

కోడూరు దాటాక రోడ్డు లేదు. బురదలో నడుచుకుంటూ వెళ్ళారు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. ఒక్క కాకి అరుపు లేదు, ఒక్క కుక్క మొరుగు లేదు. తుమ్మచెట్ల ముళ్ళకి ఆడవాళ్ళ జుట్టు చిక్కుకుని వేలాడుతోంది. ఆకు కదలడం లేదు గానీ ఆ జుట్టు మాత్రం మెల్లగా ఊగుతోంది. నబీ ఆ చెట్ల కేసి ఒకసారి చూసి, మళ్ళీ తలెత్తకుండా తవ్వడం మొదలెట్టాడు.

పేర్లు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. ముఖాలు చూద్దామంటే మూడు రోజుల నీళ్ళు అందరి ముఖాల్నీ ఒక్కలాగే చేసేశాయి. అందుకని నబీ ఒక్కొక్కరి ఒంటి మీదా ఏదో ఒక ఆనవాలు వెతికి, దించేముందు గట్టిగా పైకి చెప్పేవాడు.

"ముసలాయన. కుడి చెవి తమ్మె చీలి ఉంది."

"పెళ్ళి కావలసిన పిల్ల. అరచేతిలో గోరింటాకు ఇంకా పోలేదు."

అతని పక్కన తవ్వుతున్నవాడు పోతురాజు, కృత్తివెన్ను వైపు సముద్రంలో చేపలు పట్టుకునే మనిషి. అతనికి ఇది వింతగా ఉండి, "ఎవరికి చెబుతున్నావు భాయ్?" అని అడిగాడు.

"మట్టికి" అన్నాడు నబీ.

పదకొండు రోజులు అలా చెబుతూనే ఉన్నాడు.

ఇంటికొచ్చాక డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఎవరో పెద్దాయన కోసం ఖబరస్తాన్‌లో తవ్వుతున్నాడు. నడుం లోతు దిగాడు. ఎండిన గట్టి నేల. అయినా ఉప్పునీటి కంపు వచ్చింది. పలుగు ఆపాడు. అరికాళ్ళ కింద నుంచి, ఎవరో పక్కన నిలబడి మామూలుగా అడిగినట్టు, "ఇంకెంతమంది?" అని వినిపించింది.

నబీ పైకి వచ్చేశాడు. ఆ గోతిని వేరేవాళ్ళు పూర్తి చేశారు.

మర్నాడు అన్నం ముందు కూర్చున్నాడు. పన్నెండు గంటలవుతోంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. నోరు దానంతటదే తెరుచుకుంది. "ముసలాయన. కుడి చెవి తమ్మె చీలి ఉంది" అంది. ఆ తర్వాత గోరింటాకు పిల్ల. ఆ తర్వాత ఇంకొకరు. దించిన వరసలోనే, ఒక్కరు కూడా తప్పకుండా వస్తున్నారు. ఆ గొంతు నబీది కాదు. నోటినిండా నీళ్ళు పెట్టుకుని మాట్లాడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఖైరున్ బీ భయపడి అతని నోరు అరచేత్తో మూసింది. చెయ్యి తీస్తే తడి. నాలిక్కి రాసుకుని చూసింది. ఉప్పన.

అప్పట్నుంచి రోజూ ఇదే. ఎవరో సారా తాగమన్నారు. ఎన్నడూ ముట్టనివాడు, సర్కారు వేలం వేసిన దుకాణానికే వెళ్ళి మూడు వారాలు తాగాడు. ఆనవాళ్ళు ఆగలేదు సరికదా అరుపులయ్యాయి. ఒకరోజు నోరు మూయబోయిన ఖైరున్ బీని పార కర్రతో కొట్టాడు. ఆమె ముంజేతి ఎముక విరిగింది. స్పృహలోకొచ్చి ఆ చెయ్యి చూసి, గోడకి తల బాదుకుని ఏడ్చాడు. మళ్ళీ ఆ దుకాణం గుమ్మం తొక్కలేదు.

సంగతి తెలిసి పోతురాజు చూడటానికి వచ్చాడు. అతను చిక్కి సగమయ్యాడు గానీ కళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. మొలలోంచి చిన్న పొట్లం తీశాడు. గంజాయి.

"నాకూ వచ్చేవారు భాయ్, జుట్టుతో సహా. రోజుకి ఒక్క దమ్ము, అంతే. ఎక్కువ వద్దు."

ఆ మధ్యాహ్నం ఆనవాళ్ళు నబీ గొంతుదాకా వచ్చి, వెనక్కి దిగిపోయాయి. ఎన్నాళ్ళకో పళ్ళెం ఖాళీ అయింది. ఆ వారంలోనే మళ్ళీ పలుగు పట్టాడు.

"అది మంచిదని నేననను" అని తర్వాత కేసు నడిచినప్పుడు ఖైరున్ బీ వకీలుతో చెప్పింది. "సాయంత్రానికి మనిషి మెత్తబడిపోయేవాడు. రెండుసార్లు పిలిస్తే గానీ పలికేవాడు కాదు. కానీ తిన్నాడండీ. పనికి వెళ్ళాడు. నన్ను కొట్టలేదు."

డెబ్బై ఎనిమిది వేసవిలో ఎక్సైజు వాళ్ళు వచ్చి గోడ గూట్లో పొట్లం పట్టుకున్నారు. నబీని నడిపించుకుంటూ సారా దుకాణం మీదుగానే తీసుకెళ్ళారు. అక్కడ పట్టపగలే జనం మూగి ఉన్నారు. నబీ ఆగాడు.

"అయ్యా, అది తాగి నా పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టాను. అప్పుడు మీరు రాలేదే?"

"దానికి లైసెన్సు ఉంది, నడువు" అన్నాడు ఎక్సైజు ఆఫీసరు.

ఒంట్లో మిగిలిన మత్తుతో జైల్లో రెండు రోజులు ఎలాగో గడిచాయి. మూడో రోజు ఖైదీలంతా వరండాలో అన్నాలు తింటుండగా పన్నెండయింది. నబీ తల వెనక్కి వాలింది. ఆ నీళ్ళ గొంతు మొదలైంది. నవ్విన ఖైదీలు నవ్వు ఆపేశారు. ఒకడు విస్తరి వదిలేసి గోడ దాకా జరిగిపోయాడు.

వార్డరు ఏసుపాదం లాఠీ పట్టుకుని వచ్చాడు. నోరు ముయ్యమని గదమాయించబోతుంటే వినిపించింది.

"నడివయసు ఆడమనిషి. ఎడమ జబ్బ మీద సిలువ పచ్చబొట్టు. కుడికాలి చిటికెన వేలు లేదు. మెళ్ళో నల్లతాడుకి ఇత్తడి తాళంచెవి."

ఏసుపాదం లాఠీ పక్కన పడేశాడు. అతని చెల్లెలు మార్తమ్మని కోడూరు దగ్గర ఇచ్చారు. ఉప్పెన తర్వాత ఆమె శవం దొరకలేదు. చిటికెన వేలు వరికోతల్లో కొడవలి తగిలి పోయింది. ఆ తాళంచెవి పెళ్ళికి అతను కొనిచ్చిన పెట్టెది.

"సాయిబు గారూ, ఎక్కడ? ఎక్కడ పెట్టారు మా చెల్లెల్ని?" అంటూ భుజాలు పట్టుకుని కుదిపాడు.

నబీ కళ్ళు తెరిచాడు. తన నోరు ఏం చెప్పిందో అతనికి తెలియదు గానీ, అడిగితే చోటు మాత్రం తెలిసింది. "కాలవగట్టు తెగిన చోట, రెండో గొయ్యి. తూర్పు కొసన పడుకోబెట్టాను. మొహాన మట్టి పడకుండా చీర కప్పాను."

నలభై రోజులకి వకీలు భూషణం గారు విడిపించారు. ఏసుపాదం సెలవు పెట్టి నబీతో బస్సెక్కాడు. ఉప్పు పట్టి ఏమీ మొలవని నేల మీద ఆ గొయ్యి కాస్త కుంగి కనిపించింది. ఏసుపాదం తూర్పు కొసన మోకాళ్ళ మీద కూర్చుని ప్రార్థన చేసుకున్నాడు. లేచి, "ఆనవాలు ఇంకోసారి చెప్పండి" అన్నాడు.

నబీ నోరు తెరిచాడు. ముందున్నవాళ్ళు గుర్తున్నారు, తర్వాతివాళ్ళు గుర్తున్నారు. మార్తమ్మ మాత్రం లేదు. ఎంత తడుముకున్నా దొరకలేదు. అడగవలసినవాళ్ళు అడిగి తెలుసుకున్నాక ఆ మనిషి అతని నోట్లోంచి వెళ్ళిపోయింది.

ఈ సంగతి దివిసీమంతా పాకింది. అవనిగడ్డ నుంచీ, నాగాయలంక నుంచీ బందరుకి మనుషులు రావడం మొదలెట్టారు. వాళ్ళు వచ్చిన రోజున నబీ గంజాయి చిలుం ముట్టేవాడు కాదు. పన్నెండు దాకా వాళ్ళతో అరుగు మీద కూర్చునేవాడు. నోరు తెరుచుకున్నప్పుడు వాళ్ళు చెవులు రిక్కించి వినేవాళ్ళు. ఎవరో ఒకరు కెవ్వుమనేవారు. వాళ్ళు వెళ్ళాక నబీ గోడకి చేరబడితే, ఖైరున్ బీయే చిలుం అందించేది.

మరుసటేడు మొదట్లో అదే ఆఫీసరు మళ్ళీ వచ్చాడు. సరిగ్గా మధ్యాహ్నం. అరుగు మీద సత్యవతమ్మ అనే ముసలావిడ మనవడి కోసం కూర్చుని ఉంది. ఆఫీసరు గుమ్మంలోనే నిలబడిపోయి మొత్తం విన్నాడు. అంతా అయ్యాక కర్చీఫుతో మొహం తుడుచుకుని, "చట్టం నేను రాసింది కాదమ్మా" అని ఖైరున్ బీతో అని, కేసు రాసుకుని వెళ్ళాడు.

ఈసారి మేజిస్ట్రేటు సత్ప్రవర్తన బాండు రాయించుకుని వదిలారు. కానీ భూషణం గారు అంతటితో ఊరుకోలేదు. ప్రభుత్వానికి అర్జీ పెట్టారు.

"గంజాయి వల్ల చెడు లేదని నేను వాదించడం లేదు. ఎక్కువైతే మనిషి మందగిస్తాడు. పిల్లల చేతికి వెళ్ళకూడదు. దాన్ని అదుపులో పెట్టండి, డాక్టరు చీటీ మీద ఇప్పించండి, అమ్ముకుని బతికేవాణ్ణి పట్టుకోండి. కానీ తన ఇంట్లో, తన బాధకి, చిటికెడు వాడుకున్నవాణ్ణి జైల్లో పెడితే బాధ పోదు. అతనితో పాటు జైలుకి వస్తుంది, అంతే. సారా దుకాణాలకి వేలం వేసే చేత్తోనే ఈ మనిషికి సంకెళ్ళు వేయడం న్యాయమా?" అని రాశారు. కింద దివిసీమ వాళ్ళ వేలిముద్రలు వరసగా పడ్డాయి. ఏసుపాదం పూర్తి సంతకం చేశాడు. సర్కారు ఉద్యోగివై ఉండి ఎందుకు సంతకం చేశావని అతనికి మెమో వచ్చింది. "చదివే చేశాను" అని జవాబు రాసి ఇచ్చాడు.

అర్జీ అందిందనీ, పరిశీలనలో ఉందనీ ఒక కార్డు వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. చట్టం అలాగే ఉంది.

వానాకాలం నాటికి నబీ నోట్లో పదిహేడుమంది మిగిలారు. వాళ్ళకోసం ఎవరూ రారు. రావలసినవాళ్ళు కూడా అవే గోతుల్లో ఉన్నారు. పోతురాజు వేటకి వెళ్ళి పది రోజులైంది, ఇంట్లో పొట్లం అయిపోయింది. ముసురు పట్టిన మధ్యాహ్నం నబీ మంచం మీద ఉండగా ఆ గొంతు వచ్చింది.

"మూడేళ్ళ పిల్ల. చెవులు కొత్తగా కుట్టారు. ఎడమ పిడికిలి మూసుకుని ఉంది, తెరుచుకోలేదు."

పిల్లల్లేని ఖైరున్ బీ బియ్యం ఏరుతున్న చేట పక్కన పెట్టింది. దగ్గరికొచ్చి, అతనితో కాదు, అతని నోటితో అంది. "మా పిల్లే. చెవులు నేనే కుట్టించాను. పేరు సాబిరా. ఇటు పంపించెయ్యండి."

నోరు ఆగింది. చూరు నీళ్ళు పడుతున్న చప్పుడు ఒక్కటే మిగిలింది. నబీ లేచి కూర్చుని, "పదహారుమందే ఉన్నారేం? ఎవరు తగ్గారు?" అన్నాడు అయోమయంగా. ఆమె చేట మళ్ళీ దగ్గరికి లాక్కుంది.

ఆ తర్వాత వీధిలో కొత్తగా కాపురానికి వచ్చినవాళ్ళు ఎవరైనా పిల్లలెంతమంది అని అడిగితే, ఖైరున్ బీ తడుముకోకుండా "ఒక్కతే అమ్మాయి, సాబిరా. బయట ఆడుకుంటోంది" అని చెప్పేది.