పది బాండ్ల వరస

"బీబీ, ఆ కాగితాలు ఎప్పుడైనా పిల్లలు పెట్టాయా?"

హాజీ బషారత్ ఈ మాట అడిగింది 2005లో, పాకిస్తాన్‌లోని ఫైసలాబాద్ గులాం మహమ్మదాబాద్‌లో, తన పదడుగుల గది అద్దెకు తీసుకుని ఆడవాళ్ళ బట్టలు కుట్టే ముసర్రత్‌ని. ఆమె చేతిలో కమీజు మెడ సగం కత్తిరించి ఉంది. కత్తెర ఆపకుండానే జవాబు చెప్పింది.

"పెడతాయి హాజీ సాబ్. టైం రావాలి."

హాజీకి మరమగ్గాలు రెండు కొనాలని ఉంది. అందుకని గది అమ్ముతానన్నాడు. బయటివాళ్ళకు రెండు లక్షల పైన చెబుతున్నాడు గానీ, పన్నెండేళ్ళుగా ఒకటో తారీఖు దాటకుండా అద్దె ఇచ్చిన మనిషి కాబట్టి ఆమెకు లక్షా తొంభై వేలు.

"లక్షన్నర ఇప్పుడియ్యి. మిగతాది ఏడాదిలోగా నీ వీలు చూసుకుని ఇద్దువు."

"లక్షన్నరా ఉంది. కానీ సర్కారు ప్రైజు బాండ్లలో ఉంది."

"అయితే ఏం? బ్యాంకు కిటికీలో పెడితే నోట్లే గదా ఇచ్చేది."

"వచ్చే నెల డ్రా ఉంది, అదొక్కటీ కానివ్వండి."

ఆ గది ఆమెకు ఏమిటో హాజీకి తెలుసు. ముసర్రత్ పెళ్ళి చేసుకోలేదు, తమ్ముడి ఇంట్లో ఉండేది. అక్కడ ఆమె మంచం వరండాలో, ఆమె పెట్టె మరదలి మంచం కింద. ఊరు మొత్తంలో ఆమె తాళం వేసి, ఆమె తాళం తీసే తలుపు ఇదొక్కటే. అది సొంతమైతే ఇక ఎవరూ లేచి పొమ్మనలేరు. ఆమెకు కావలసిందల్లా అంతే. దాన్ని ఆమె ఒక డ్రా కోసం వాయిదా వేసింది.

బాండ్ల దాకా ఆమె ఎలా వచ్చిందంటే, బ్యాంకులో వేస్తే వడ్డీ వస్తుంది, వడ్డీ పాపం. బాండులో వడ్డీ లేదు, బహుమతి ఉంది. గంటస్తంభం దగ్గర దుకాణంలో బాండ్లు అమ్మి కొనే సర్వర్ అనే అతను ఆమెకు నేర్పిన చదువు ఇది. వీధిలో ఒక మౌల్వీ సరే అన్నాడు, పక్క వీధి మౌల్వీ కాదన్నాడు. ఆమె సరే అన్నాయన మాట పట్టుకుంది. లెక్క మాత్రం ఏ మౌల్వీనీ అడగనక్కరలేదు. కోట్లమంది అసలు మీద సర్కారు కట్టాల్సిన వడ్డీనంతా ఒకచోట కుప్ప పోసి, మూడు నెలలకోసారి నంబర్లు తీసి కొందరి ఒళ్ళో పోస్తారు. మిగతావాళ్ళకు సున్నా. వెయ్యిమందికి పంచితే పాపమైనది, ఒకడికే ఇస్తే భాగ్యమైపోతుందట. ఇంత వీలైన భక్తి ఇంకోటి ఉండదు.

మొదట్లో ఆమె దగ్గర ఉన్నవి ఏడువందల యాభై రూపాయల చిన్న బాండ్లు. ఒకే ఏడాది రెండుసార్లు, ఒక్కోసారి తొమ్మిది వేల చిల్లర తగిలాయి. అప్పుడు సర్వర్, అక్కని పిలిచినట్టు పిలిచి, అన్నాడు:

"ఆపా, నీది అచ్చొచ్చిన చేయి. ఈ చిల్లరతో ఎందుకు? పదిహేను వేలవి తీసుకో. చివరి బహుమతే లక్షా ఎనభై అయిదు వేలు."

రెండువందల చిన్న బాండ్లు పది పెద్ద బాండ్లయ్యాయి. వరస నంబర్లు, ఒకదాని వెనక ఒకటి. ఒక్కటి తగిలినా గది వచ్చేస్తుంది, బాండ్లు బాండ్లుగానే ఉంటాయి. హాజీ గది ధరా, చివరి బహుమతీ ఇంచుమించు ఒక్కటే కావడం చూసి ఆమె అది దేవుడు కూర్చిన లెక్క అనుకుంది.

పైగా వరస విడగొట్టకూడదు. ఇది బాండ్లు కొనేవాళ్ళందరి నమ్మకం. ఏ నంబరు బయటికి తీస్తే ఆ నంబరే తగులుతుంది. సర్వర్ దుకాణంలో దీనికి సాక్ష్యాలు బోలెడు, ఫలానా బావమరిది, ఫలానా పాలవాడు. విడగొట్టిన వరసల్లో ఏమీ తగలని లక్షలమంది దుకాణానికి వచ్చి కథ చెప్పరు గనక, కథలన్నీ ఒకవైపే ఉంటాయి.

పక్కింటి కౌసర్ మొహమాటపడే మనిషి కాదు. ఆమె వీధిలో ఆడవాళ్ళ చేత చీటీ కట్టించేది. పదిహేనుమంది, నెలకొకరికి మొత్తం.

"నువ్వు మొదటి నెలే ఎత్తుకో. తక్కువ పడే నలభై వేలు వచ్చేస్తాయి. బాండ్లు మార్చేసి గది రాయించుకో."

"చీటీ మునిగితే?"

"మునిగితే నా జుట్టు పట్టుకోవచ్చు, నా ఇల్లు నీకు తెలుసు. నీ డ్రా తగలకపోతే ఎవరి జుట్టు పట్టుకుంటావే?"

"అసలు ఎక్కడికీ పోదుగా."

"పోదు. నీలాగే అక్కడే కూర్చుంటుంది."

ముసర్రత్ ఆ వారమంతా కౌసర్‌తో మాట్లాడలేదు.

డ్రాలో ఏమీ రాలేదు. తర్వాతి డ్రాలోనూ రాలేదు. హాజీ మగ్గాలు అప్పు తెచ్చి కొన్నాడు, గది అమ్మకం మానుకున్నాడు. కానీ అడిగినప్పుడల్లా ధర చెప్పేవాడు. మూడేళ్ళకు నాలుగు లక్షలు. ఇంకో అయిదేళ్ళకు తొమ్మిది. అడగడం ఆమే మానేసింది. అద్దె మాత్రం ఆమె అడగకుండానే పెరిగింది. తమ్ముడి పిల్లల ఫీజులు, దారం, బొత్తాలు, కరెంటు పోగా కొత్తగా దాచేందుకు మిగిలిందేమీ లేదు. మూడు నెలలకోసారి సర్వర్ దుకాణం మెట్ల మీద కూర్చుని, జాబితాలో చూపుడు వేలు పెట్టి పైనుంచి కిందికి దించేది. ఒకసారి ఆమె వరస తర్వాతి నంబరుకు చివరి బహుమతి వచ్చింది.

"చూశావా ఆపా, పక్కదాకా వచ్చేసింది," అన్నాడు సర్వర్.

పక్క నంబరుకు తగిలితే తన నంబరుకు దగ్గరైనట్టు కాదు. పక్కింట్లో పెళ్ళయితే మనింట్లో భోజనం వండరు. ముసర్రత్ మాత్రం ఆ రోజు అరకిలో జిలేబీ కొనుక్కుని ఇంటికి వెళ్ళింది.

లెక్క ఇలా ఉంది. పదిలక్షల నంబర్లలో బహుమతులు పదిహేడువందలు. పది బాండ్లు పట్టుకుని పదిహేనేళ్ళు కూర్చుంటే సగటున ఒక్కసారి తగలాలి. సగటు ఎక్కడికి పోతుందని ఆమె పదహారేళ్ళు కూర్చుంది. సగటు ఇంకెవరింటికో పోయింది, పోవడం దానికి అలవాటు. బాండ్లను మెచ్చుకునేవాళ్ళు ఈ సగటునే చూపించి ఇది మంచి పొదుపు అంటారు. పొదుపు అంటే రేపు ఎంత ఉంటుందో తెలియడం. అది తెలియనిదాన్ని ఏ పేరుతోనైనా పిలవండి, పొదుపు అనకండి.

2021లో సర్కారు పెద్ద బాండ్లను రద్దు చేసింది. గడువులోగా తెచ్చి డబ్బు తీసుకోమంది. వరస విడగొట్టాలా వద్దా అన్న బెంగ సర్కారే తీర్చేసింది. కౌసర్‌ని తోడు తీసుకుని ముసర్రత్ బ్యాంకుకు వెళ్ళింది. గుమాస్తా పది బాండ్లూ లైటుకు ఎత్తి చూశాడు.

"లక్షా యాభై వేలు. ఖాతాలో వేస్తాం. ఖాతా ఉందా?"

"లేదు బేటా."

"ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నావమ్మా?"

"వీటిల్లోనే," అంది. కౌసర్ ఖాతా ఫారం తెచ్చి ఎక్కడ సంతకం పెట్టాలో చూపించింది.

అంతకుముందు ఏడాదే హాజీ పోయాడు. గది కొడుకు అద్నాన్ చేతికి వచ్చింది. అతను గుమ్మంలోనే నిలబడి, మేనత్తను పిలిచినట్టు పిలుస్తూ మాట్లాడాడు.

"పుప్పీ, రోడ్డు వెడల్పయింది. ఇప్పుడు ఇరవై ఆరు లక్షలు. కొంటావా?"

"ఎగతాళా అబ్బాయ్?"

"కాదు, అడగడం మర్యాద కదా అని. కొనకపోతే అద్దెకే ఉండు, నాన్న కాలం నుంచి ఉన్నావు. కానీ అందరి దగ్గరా అడ్వాన్సు తీసుకుంటున్నా. రెండు లక్షలు."

"మీ నాన్న ఈ గది నాకు లక్షా తొంభైకి ఇస్తానన్నాడు."

"మరి తీసుకోవాల్సింది పుప్పీ."

అతను హేళనగా అనలేదు, నిజంగానే అన్నాడు. ముసర్రత్‌కు అదే ఎక్కువ తగిలింది. మిషను మీద గుడ్డ కప్పింది. ఒకప్పుడు ఈ గోడలూ, ఈ తలుపూ కొనగలిగిన డబ్బు ఇప్పుడు వాటిమధ్య కూర్చోనిచ్చేందుకు కట్టే అడ్వాన్సుకు కూడా చాలలేదు. ఖాళీ చేసి వెళితే తమ్ముడి వరండా ఉంది. ఆమె వెళ్ళలేదు. మర్నాడు బ్యాంకు నుంచి లక్షన్నరా తెచ్చి అద్నాన్ చేతిలో పెట్టి, మిగతాది నెలకు వెయ్యి చొప్పున కడతానంది.

కట్టడం మొదలుపెట్టి పద్దెనిమిది నెలలయింది. ముప్పై రెండు వేలు ఇంకా బాకీ.