వేడెక్కే పికప్పులో నాగాయలంక నుంచి గుడివాడకు

బందరులో నేను పనిచేసే బట్టల కొట్టుకు గుడివాడ నుంచి ఎండుచేపల వ్యాపారి వీరాస్వామి గారు అప్పుడప్పుడు వస్తుంటారు. ఆ శనివారం పంచెలు చూస్తూ చూస్తూ నన్నడిగారు.

"ఏమయ్యా, లైబ్రరీలో మోటారు పుస్తకాలు కూడా చదివేశావంట?"

"రెండు చదివానండి. ఒకటి రెండుసార్లు."

"ఇంకేం! నాగాయలంక నుంచి నాకు చేపలు తెచ్చే పికప్పు ఎక్కి చూడు. ఇంజను మరగదు, అట్లాగని చల్లగానూ ఉండదు. ఎప్పుడూ ఒళ్లు వెచ్చబడ్డ మనిషిలా ఉంటుంది. తప్పు బండిదో, మా డ్రైవరు దానియేలుదో తేల్చు. వాడిదే అయితే నెలాఖరుకి ఇంకొకణ్ణి చూసుకుంటా."

పుస్తకంలో చదివినది చేత్తో ముట్టుకోవచ్చన్న సంబరంలో సరేనన్నాను. ఒక మనిషి ఉద్యోగం నా మాట మీద ఉందన్న సంగతి బస్సెక్కాక గానీ తట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు నాగాయలంక బస్సు కదిలింది. చల్లపల్లిలో ఇరవై నిమిషాలు ఆపారు. బస్టాండు పక్కన వేడి గారెలు దొరుకుతాయి, టీ మాత్రం పలచన. మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటితే దివిసీమ. పక్కన కూర్చున్న ముసలాయన నాగాయలంకలో ఎవరింటికని అడిగాడు. దానియేలు గారింటికన్నాను.

"అయితే దారి అడగక్కర్లేదు బాబూ. ఎండుచేపల బండి కదా, వాసన పట్టుకుని నడువు, అదే తీసుకెళ్తుంది."

అయిదింటికి దిగాను. దానియేలు గారికి యాభై దాటి ఉంటాయి, సన్నటి మనిషి. నేనెందుకు వచ్చానో ఆయనకు తెలుసు. "చూడండి మాస్టారూ, దాచేదేం లేదు" అన్నాడు. గుమ్మం పక్కనున్న కుండలోంచి చెంబుడు నీళ్లు ముంచి కాళ్లు కడుక్కోబోయాను. ఆయన భార్య మార్తమ్మ గారు పరుగున వచ్చింది.

"అయ్యో, అవి తాగే నీళ్లు బాబూ! కాళ్లకి అదిగో, బావి నీళ్లున్నాయి."

అక్కడ బావులన్నీ ఉప్పే. మంచినీళ్ల చెరువు మైలున్నర దూరం. ఆడవాళ్లు నెత్తినొకటి, చంకనొకటి బిందెలు పెట్టుకుని పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్లి వస్తారు. రాత్రి వంకాయ, ఎండురొయ్యల కూరతో భోజనం పెట్టారు. అరుగు మీద మంచం వేశారు.

సోమవారం ఆరింటికి బండి చూశాను. యుద్ధం అయిపోయాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన పాత పికప్పు అది. ఫ్యాను బెల్టు బొటనవేలితో నొక్కి చూశాను, బిగువు సరిగానే ఉంది. రబ్బరు గొట్టాల దగ్గర చెమ్మ లేదు. ఇంజను నీళ్లు చల్లారే రేడియేటరు ముందు పురుగులు, గడ్డిపోచలు ఇరుక్కుంటే కొబ్బరి ఈనెలతో ఒక్కొక్కటే తీశాను. దానియేలు గారు చేతులు కట్టుకుని చూసి, "బాగా తల దువ్వారండి" అన్నాడు.

ఎండుచేపల బుట్టలు ఎక్కించి ఏడింటికి బయల్దేరాం. అవనిగడ్డ దాకా వేడి చూపే ముల్లు మధ్యలోనే ఉంది. మోపిదేవి దాటాక మెల్లగా పైకి జరిగి, ఎర్రగీతకు ఒక వేలెడు కింద ఆగిపోయింది. ఆయన తోలే తీరు గమనిస్తూ కూర్చున్నాను. ఇంజనును అరిపించడు, గేరు వేస్తే తెలియదు. తోలడంలో తప్పు లేదని నోటుబుక్కులో రాసుకున్నాను.

ఎనిమిదిన్నరకు చల్లపల్లిలో ఆగినప్పుడు థర్మోస్టాట్ గురించి చెప్పాను. నీళ్లు వేడెక్కితే తలుపులా తెరుచుకునే ఇత్తడి బిళ్ల అది. అది బిగుసుకుపోతే వేడి లోపలే తిరుగుతుంది. పుస్తకంలోని బొమ్మను నేల మీద పుల్లతో గీసి మరీ వివరించాను. స్పానరు అందుకోబోతుంటే ఆయన గొంతు సవరించుకున్నాడు.

"దాన్ని పీకేసి ఆరేళ్లయిందండి. మీరంత బాగా చెబుతుంటే మధ్యలో ఆపబుద్ధి కాలేదు."

పది గంటలకు పామర్రు. ఇంజను ఆపగానే రేడియేటరు మీద చెయ్యి తిరగేసి ఆనించి చూశాను. పైభాగం కాలిపోతోంది. కింద రెండు మూలలూ మంచినీళ్ల కుండలా చల్లగా ఉన్నాయి. చల్లగా తగిలిన చోట లోపలి సన్నగొట్టాలు పూడిపోయినట్టని పుస్తకంలో చదివిన పేజీ కళ్ల ముందు కనిపించింది. అరగంట ఆగి, గోనెగుడ్డ పట్టుకుని మూత తిప్పాను. మూత లోపల స్నానాల నీళ్లు కాచే కాగుకు పట్టినట్టు తెల్లటి పెచ్చు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు!

"ఏ నీళ్లు పోస్తున్నారండీ?"

ఆయన చాలాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"బావి నీళ్లే. రోజూ పొద్దున ఓ చెంబు. మార్త మైలున్నర మోసుకొచ్చిన నీళ్లు ఇంజన్లో పొయ్యడానికి నాకు చెయ్యి రాలేదండి."

"చెడిపోతుందని తెలీదా?"

"కొంచెం తెలుసు. తప్పు నాదేనండి. అయ్యగారికి అట్లానే చెప్పండి."

మూత బిగించి మళ్లీ బయల్దేరాం. పన్నెండింటికి గుడివాడలో వీరాస్వామి గారి గోదాము ముందు దిగాం. తోలడంలో తప్పు లేదనీ, ఇంజను విప్పక్కర్లేదనీ, ఉప్పు పట్టిన రేడియేటరు బెజవాడ పంపి గొట్టాలు శుభ్రం చేయిస్తే చాలనీ చెప్పాను.

"ఉప్పెట్లా వచ్చింది?" అన్నారాయన.

నేను నోరు తెరిచేలోగా దానియేలు గారే చెప్పేశాడు. వీరాస్వామి గారికి కోపం వచ్చింది.

"ఇక్కడ కాలవ గోదాము వెనకే పోతోంది కదయ్యా! ఒక డబ్బా పట్టుకెళ్లడానికేం రోగం?"

"పట్టుకెళ్లానండి ఓసారి. మా వాడలోకి మంచినీళ్లతో బండి వెళ్తే ఇంజను దాకా ఎట్లా మిగులుతాయండి?"

వీరాస్వామి గారు నవ్వాపుకోబోయి ఆపుకోలేకపోయారు.

"ఇంకొకణ్ణి పెట్టుకున్నా వాడి పెళ్లామూ ఆ చెరువుకేగా వెళ్లాలి" అని, గుమాస్తాను పిలిచి పెద్ద డబ్బాలు నాలుగు తెప్పించారు. "ఒరే దానియేలూ, ఒకటి ఇంజనుది. దానికి తాళం వెయ్యి. మిగతావి ఎవరు తాగుతారో నాకు చెప్పొద్దు."

మూడు నలభైకి బందరు ప్యాసింజరు. మూడో తరగతి పెట్టెలో ఎదురుగా చీపురు కట్టలతో కూర్చున్నావిడ నా దగ్గర వాసనేమిటని అడిగితే, గుడ్లవల్లేరు వచ్చేలోగా కథంతా చెప్పాను.

"ఇంజనుకి ఎన్ని బిందెలు పడతాయి?"

"నింపడానికి ఒకటిన్నర. తర్వాత రోజుకో చెంబు."

"మా ఆయన కంటే నయం" అందావిడ.

రేడియేటరులో మంచినీళ్లే పొయ్యాలని నేను చదివిన రెండు పుస్తకాల్లోనూ ఉంది. రెండింట్లోనూ ఒక్క వాక్యమే. సముద్రం దగ్గరి ఊళ్లకు బండి నడిపేవారికి ఇంకొక్క వాక్యం నేను చెబుతాను. నీళ్లు తీసుకెళ్లేటప్పుడు వీధికంతా సరిపడా తీసుకెళ్లండి, అప్పుడే ఇంజనుకు మిగులుతాయి.