కామా మాస్టారి కుడి చెవి

కామా మాస్టారు ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. ముప్పై ఏళ్లు ఒక అచ్చుప్రెస్సులో ప్రూఫులు దిద్దారు. ఒకసారి ఏదో మందుల కరపత్రంలో ఒక్క కామా తప్పిపోయిందని, తిరుగుతున్న మిషనుకి అడ్డం నిలబడి ఆపించారు. యజమాని అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. ఆనాడు అంటుకున్న పేరు ఇక వదల్లేదు. పనిలో కూర్చుంటే ఆయనకు ఒళ్లు తెలియదు. టీ చల్లారిపోయేది, కళ్లజోడు జారి ముక్కు చివరికి వచ్చేది, పొద్దున చెవి మీద పెట్టుకున్న పెన్సిల్ ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నా దిగేది కాదు.

ప్రెస్సు మూతపడ్డాక ఒక రికార్డింగు స్టూడియో వాళ్లు పిలిచి పని ఇచ్చారు. అక్కడ నవలలు చదివి రికార్డు చేస్తారు. ఆ రికార్డులు మాస్టారి లాప్‌టాప్‌కి వస్తాయి. పుస్తకం ముందు పెట్టుకుని వింటూ, చదివే మనిషి మింగేసిన మాటా, పేజీ తిప్పిన చప్పుడూ, కుర్చీ కిర్రుమన్న చోటూ పుస్తకం అంచున గుర్తు పెట్టాలి. కంటితో చేసిన పనే ఇప్పుడు చెవితో చేయడమన్నమాట. మాస్టారికి ప్రాణం లేచివచ్చింది. ఇంట్లో ఊరికే కూర్చుని భార్య పనికి వంకలు పెట్టే గండం ఇద్దరికీ తప్పింది.

ఆయన భార్య బట్టలు కుడుతుంది. ఒకే గదిలో కిటికీ పక్కన ఆవిడ మిషను, గోడవైపు ఈయన బల్ల. స్టూడియో వాళ్లిచ్చిన పాత హెడ్‌ఫోన్స్ వెనకవైపు జల్లెడలా ఉండే రకం. లోపలి మాట బయటికి పోతుంది, బయటి చప్పుడు లోపలికి వస్తుంది. కిందటి నెల ఒక నవలలో రెండు అధ్యాయాల నిండా సన్నటి ఫ్యాను హోరు ఉందట. అది మిషను చప్పుడులో కలిసిపోయి మాస్టారికి అందలేదు. స్టూడియోలో ఈ పనులు చూసే ఇన్‌చార్జి ఫోన్ చేసింది. కోపంగా కూడా కాదు, ఎంతో మెల్లగా అడిగింది.

"మాస్టారూ, అది మీకు వినిపించలేదా?"

ఆ మెత్తదనమే గుచ్చుకుంది. నాలుగు తిట్టినా బాగుండేదనుకున్నారు.

దాంతో వెనక మూసి ఉండే హెడ్‌ఫోన్స్ కొనాలని నిర్ణయమైపోయింది. కొనేముందు బావమరిదిని అడిగారు. అడగకుండా ఉండాల్సింది. ఆ బావమరిదికి తెలియని విషయం ఇంతవరకూ పుట్టలేదు.

"బావా, ఉత్త హెడ్‌ఫోన్స్ కొంటే దండగ. ఆంప్లిఫయర్ లేకపోతే దాని గొంతు పెగలదు, నా మాట విను."

"నీ దగ్గర ఉందా ఏమిటి?"

"నాకెందుకు? నేను రేడియో కూడా వినను."

దుకాణంలో ఒక నడివయసు ఆవిడ ఉంది. మాస్టారు కాగితం తీసి, చెవి మీది పెన్సిల్ చేతిలోకి తీసుకుని, ఆవిడ చెప్పిందల్లా పాఠంలా రాసుకున్నారు.

"పెట్టె మీద ఈ అంకె చూడండి సార్. రెండు వందల యాభై ఓమ్‌లు. ఇది భారీ మనిషి, మీ లాప్‌టాప్ ఒక్కటే లేపలేదు. ఆంప్లిఫయర్ తోడుండాలి. ఇదేమో ముప్పై రెండు, పైగా కొంచెం కరెంటుకే గట్టిగా పలుకుతుంది. ఫోన్‌కి తగిలించినా చాలు. మీరు వినేది మాటలేగా?"

"మా బావమరిది తప్పకుండా ఆంప్లిఫయర్ కావాలన్నాడు."

"ఒకసారి పెట్టుకుని మీరే చెప్పండి."

పెట్టుకున్నారు. రోడ్డు మీది బస్సుల మోత తలుపు వేసినట్టు ఆగిపోయింది. ఫోన్‌లో ఉన్న రికార్డు పెడితే, చదివే అమ్మాయి ఊపిరి పీల్చడం కూడా తెలుస్తోంది. ఇక మారుమాట లేకుండా అదే కొనుక్కుని, బావమరిదిని మనసులోనే వెక్కిరిస్తూ ఇల్లు చేరారు.

మర్నాడు పొద్దున పుస్తకం తెరిచి, సరంజామా సర్దుకుని, హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నారు. ఎడమ చెవిలో నిన్నటి అమ్మాయే. కుడి చెవిలో మాత్రం ఎవరో డబ్బాలోంచి మాట్లాడుతున్నట్టుంది. పైగా ఆ వైపునుంచే కుట్టుమిషను టకటకా లోపలికి వచ్చేస్తోంది. సరుకులో లోపమేమోనని తిప్పి పెట్టుకున్నారు, కుడిది ఎడమకీ ఎడమది కుడికీ. ఎన్నిసార్లు తిప్పినా కుడి చెవే పలచగా వింటోంది. సరుకు బాగానే ఉంది. అంటే చెవి బాగాలేదు.

ఫ్యాను హోరు ఎందుకు అందలేదో ఇప్పుడు అర్థమైందనుకున్నారు. పాపం, మిషను మీద నింద వేశాం. చెవి పోయిన మనిషికి వినే పని ఎవరిస్తారు? ఈ బల్ల, ఈ పుస్తకాలు, అంచున పడే ఆ చిన్న చిన్న గుర్తులు, అన్నీ పోతే తనకింక మిగిలేది కిటికీలోంచి చూస్తూ కూర్చోవడం. భయం వేసింది. భార్యతో నోరు మెదపలేదు. "బావమరిది చెప్పిందే నిజం" అని ఒక అబద్ధం చెప్పి మర్నాడు మళ్లీ దుకాణానికి వెళ్లారు.

"దీనికి ఆంప్లిఫయర్ అవసరం లేదు సార్," అంది ఆవిడ.

"ఉంది. ఇవ్వండి." ఈసారి ఏదీ పెట్టుకుని చూడలేదు. చూస్తే ఏం తేలుతుందోనని.

"సరే. నచ్చకపోతే వారంలోగా తెచ్చేయండి," అంటూ ఆవిడ అరచేతి వెడల్పున్న పెట్టె ఒకటి కట్టి ఇచ్చింది.

ఆంప్లిఫయర్ వచ్చింది, గొంతూ పెరిగింది. రెండువైపులా పెరిగింది. కుడివైపు డబ్బాలోని గొంతు ఇప్పుడు అరుస్తోంది, అంతే తేడా. మాస్టారు హెడ్‌ఫోన్స్ తీసి ఒళ్లో పెట్టుకుని గోడవంక చూస్తూ ఉండిపోయారు.

మిషను ఆగింది. "ఏమైంది? రెండు రోజులుగా చూస్తున్నాను, అన్నంలోకి మజ్జిగ బదులు నీళ్లు పోసుకుంటున్నారు."

"ఏం లేదు."

"చెప్పండి."

"నా కుడి చెవి పోయిందే," అన్నారు.

ఆవిడ అయ్యో అనలేదు. లేచి వచ్చి ఆయన వెనక నిలబడింది. "ఎడమ చెవి గట్టిగా మూసుకోండి. వెనక్కి చూడకండి." ఒక క్షణం గడిచింది.

"ఏదో పడింది," అన్నారు మాస్టారు. "గుండుసూదా?"

"గుండుసూదే. చెవి పోయినాయనకి అదెలా వినిపించింది?"

మాస్టారు తెల్లబోయారు. "మరి ఇందులో..."

"పెట్టుకోండి, ఎలా పెట్టుకుంటున్నారో చూస్తాను."

పెట్టుకున్నారు. ఆవిడ కుడివైపు వంగి చూసింది. చూసి, ముందు పెదవి బిగబట్టింది, తరవాత ఆగలేక పకపకా నవ్వుతూ బల్ల పట్టుకుంది. హెడ్‌ఫోన్స్ మెత్తటి దిండు కింద, చెవికీ తలకీ మధ్య, మాస్టారి పెన్సిల్ ఆనకట్టలా అడ్డం పడుకుని ఉంది. దిండు అంచు ఒకవైపు లేచిపోయి, ఆ సందులోంచే లోపలి గొంతు బయటికి కారిపోతోంది, మిషను చప్పుడు లోపలికి దూరిపోతోంది. పాతది ఎలాగూ జల్లెడే కాబట్టి సందు ఉన్నా లేకపోయినా దానికి ఒకటే. ముప్పై ఏళ్లుగా అక్కడే ఉన్న పెన్సిల్ ఆయనకు తగలడం మానేసి ఎంతో కాలమైంది. ఆవిడకూ అది ఆయన ముఖంలో ఒక భాగమైపోయింది.

ఆవిడ పెన్సిల్ లాగి తన జడముడిలో గుచ్చుకుంది. కుడి చెవిలోకి ఆ అమ్మాయి గొంతు నిండుగా, ఊపిరితో సహా వచ్చేసింది. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. సిగ్గు పడాలో సంతోషించాలో తెలియక ఆంప్లిఫయర్‌ని మళ్లీ పెట్టెలో సర్దడం మొదలుపెట్టారు.

"దాన్ని తిరిగిచ్చేస్తాను. ఆవిడ ముందే చెప్పింది."

"ఆగండి. దానికి రెండు బొక్కలున్నాయి, రెండోది ఎందుకు?"

"ఇంకొకరు వినడానికి."

"అయితే ఉండనివ్వండి." ఆవిడ కొంచెం తటపటాయించింది. "ఇన్నాళ్లూ మీ పాతదాంట్లోంచి కారే కథలు వింటూనే కుడుతున్నాను. మీరు ఇది తగిలించుకున్నాక నాకు ఒక్క ముక్క అందడం లేదు. ఆ నవలలో వంటమనిషి ఉత్తరం ఇచ్చిందా, పొయ్యిలో పడేసిందా?"

మాస్టారు భార్యను కొత్తగా చూశారు. తాను ఒక్కడే చేస్తున్నాననుకున్న పనిని ఆవిడ కూడా ఇంతకాలం పక్కనే కూర్చుని చేస్తోందన్నమాట. పాత హెడ్‌ఫోన్స్ తీగ సాగదీస్తే సరిగ్గా మిషను దాకా వచ్చింది. ఆవిడకు ఆ జల్లెడ రకమే కావాలి, దారం తెగితే వినపడాలిగా.

అలా ఎవరి చెవులకు తగ్గవి వాళ్లు పెట్టుకుని, ఆ మధ్యాహ్నం వంటమనిషి కథ ఆగిన చోటునుంచి అందుకున్నారు. పది నిమిషాలకు మిషను టక్కున ఆగింది.

"ఏమండీ, ఇప్పుడు పేజీ తిప్పింది. మీకు వినిపించిందా?"

"వినిపించింది," అన్నారు మాస్టారు. గుర్తు పెట్టడానికి చెయ్యి చెవి మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఆవిడ నవ్వుతూ జడముడిలోంచి పెన్సిల్ తీసి ఇచ్చింది.