ఉప్పుకే తెల్లరంగు

నా పెళ్లి ఆల్బమ్‌లో మా అమ్మ ఉంది గానీ లేదు. స్టూడియోవాడు ఆవిడ మొహాన్ని కంప్యూటర్‌లో తోమి తోమి తెల్లగా చేసి ఇచ్చాడు. నౌపడ ఉప్పుమళ్లలో చిన్నప్పట్నించీ పనిచేసిన మనిషి ఆవిడ. ఎండా ఉప్పూ కలిసి కాల్చిన నలుపు. ఆల్బమ్ తిప్పుతూ అమ్మ ఆ ఫోటో దగ్గర ఆగి, "ఎవులే ఈవిడ?" అని నన్నే అడిగింది. చుట్టూ కూర్చున్నవాళ్లంతా నవ్వారు. అమ్మ నవ్వలేదు. ఆ తర్వాత ఫోటో తియ్యడానికి ఎవరు ఫోన్ ఎత్తినా కొంగు మొహానికి అడ్డం పెట్టుకోవడమే.

చీపురుపల్లిలో మాకు స్క్రీన్ ప్రింటింగు షాపుంది. నేనూ మా ఆయనా, రెండు టేబుళ్లు, గోడ నిండా స్క్రీన్లు, అంటే జాలీగుడ్డ బిగించిన ఫ్రేములు. పెళ్లి సంచులు, స్కూలు టీషర్టులు, జెండాలు. ఒక రంగు, మహా అయితే రెండు. తెల్లరంగుతో ఒక చిక్కుంది, ఉతగ్గా ఉతగ్గా పెళుసెక్కి రాలిపోతుంది. అమ్మ మా ఇంటికొచ్చి మా పిల్లల చొక్కాలు ఉతికినప్పుడల్లా, ఏటే మీ అచ్చు, సబ్బుకే భయపడిపోతాదీ అని దెప్పుతుంది.

ఫోటో వెయ్యాలంటే మాత్రం మా పద్ధతి చాలదు. బొమ్మలో ఉన్న రంగుల్ని విడదీసి, ఒక్కో రంగుకి ఒక్కో ఫిల్మ్ తీసి, ఒక్కో స్క్రీన్ చెయ్యాలి. ఆ విడదీసే సాఫ్ట్‌వేర్ మా దగ్గర లేదు. ఫోటో ఆర్డరొస్తే విశాఖ పంపించి ఫిల్ములు తెప్పించుకోవాలి. అవి వచ్చేసరికి ఒక్కోసారి పెళ్లి కూడా అయిపోయేది.

అలాంటప్పుడు అమ్మావాళ్ల చర్చి స్త్రీల సమాజం నుంచి కబురొచ్చింది. జూబిలీ కూడికలకి అందరికీ సంచులు కావాలట, వాటి మీద సమాజం ఫోటో ఉండాలట. అదీ చర్చి ముందు కాదు, ఉప్పుకుప్ప ముందు నిలబడి. అందరూ ఉప్పుమళ్లలో పనిచేసేవాళ్లే మరి. మాసినా కనపడదని కాఫీ రంగు గుడ్డ వాళ్లే ఎంచుకున్నారు. నాకు భలే సంతోషమేసింది. అమ్మ ఒక్కతే ఫోటోకి రానంది. మీరంతా నిల్చోండి, నాను గొడుగులు పట్టుకుంటానంది. బతిమాలాను, కోప్పడ్డాను, లాభం లేదు. చివరికి "నువ్వెలా ఉన్నావో అలాగే వేస్తానమ్మా. బొమ్మ అలా రాకపోతే ఒక్క సంచీ షాపు దాటదు" అని మాటిచ్చాక వచ్చి, ఎండకి కళ్లు చికిలించి, కొంగు దించి, వరస చివర నిలబడింది.

మాటైతే ఇచ్చేశాను. ఇక సాఫ్ట్‌వేర్ వెతుక్కోవాలి.

ఇలాంటివి కొనకముందు కొన్నాళ్లు ఊరికే వాడి చూడనిస్తారు. మొదటిది మా ఆయనకి తెగ నచ్చేసింది. ఒక్క బటన్ నొక్కితే చాలు, రంగులు వాటంతటవే విడిపోతాయి. ఒక సంచి మీద కొట్టి చూశాం. అందరూ పాలమీగడలా తేలారు. ముదురు గుడ్డ మీద రంగులు కనపడాలంటే అడుగున తెలుపు పడాలి. ఇదేమో ముందూ వెనకా చూడకుండా మొహాలన్నిటి కిందా తెలుపు పరిచేసింది. మా ఆయన సంబరపడిపోయి, ఎంత కళగా ఉన్నారో సూడు, దీన్ని సూసినవాళ్లంతా మనకే ఆర్డర్లిస్తారు అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కళంటే తెలుపేనా, అయితే నన్నెందుకు చేసుకున్నావని అడిగాను. ఆ పూట అన్నాలు ఎవరికి వాళ్లం వడ్డించుకుని తిన్నాం. నిజానికి అతనిదేం తప్పు, మాకొచ్చే పెళ్లి ఫోటోలన్నీ కొంచెం తెల్లగా వెయ్యండి అంటూనే వస్తాయి.

రెండోది బాగా పేరున్నది. దాంట్లో మొహాలు తెల్లబడలేదు, బూడిద రంగుకి తిరిగాయి. జ్వరం నుంచి లేచినట్టున్నారు అందరూ. ఎంత సవరించినా అంతే. దాంతోపాటు వచ్చిన నమూనా బొమ్మలు మాత్రం అద్భుతంగా పడుతున్నాయి. వాటిని ఒక్కొక్కటే తెరిచి చూస్తే అందులో ఒక్క నల్లటి మొహం లేదు. ఓహో, అదా సంగతి అనుకుని దాన్ని తీసిపారేశాను.

మూడోది చూడ్డానికే దిక్కుమాలినట్టుంది. అక్షరాలు చీమలంత. ప్రతి రంగూ మనమే కూర్చుని సరిచూసుకోవాలి. కానీ బొమ్మ పెట్టగానే అది అడిగిన మొదటి మాట, ఏ రంగు గుడ్డ మీద వేస్తున్నారని. ముందటి రెండూ ఆ సంగతే అడగలేదు. కాఫీ రంగని చెప్పాను. తీరా విడదీశాక చూస్తే అమ్మ చెంపల దగ్గరా మెడ దగ్గరా ఖాళీలు. చెడిపోయిందనుకున్నాను. మా ఆయన వంగి చూసి, సెడిపోలేదే, అక్కడ రంగే అక్కర్లేదంటన్నాది, గుడ్డ రంగే సరిపోతాదంటన్నాది అన్నాడు.

అప్పట్నించి ఇద్దరం దాని మీదే కూర్చున్నాం. మొహాల కింది తెలుపు తీసేసి అంతా ఉప్పుకుప్పకి వదిలేశాం, కాస్త కళ్లకీ పళ్లకీ. నుదుటి మీదా ముక్కు మీదా ఎండ మెరిసినచోట, అడుగున తెలుపు లేకపోయినా కనపడేంత చిక్కగా, ఎరుపూ పసుపూ కలిసిన సన్నటి చుక్కలు. మొహాల్లో మిగతాదంతా గుడ్డే. స్క్రీన్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోక కొన్ని సంచులు పాడయ్యాయి, ఒకరి మీద ఒకరం విసుక్కున్నాం. ఆఖరికి ఒక సంచి మీద ఫ్రేము ఎత్తి ఇద్దరం ఒకేసారి వంగి చూశాం.

"మీయమ్మేనే" అన్నాడు మా ఆయన. ఆ సాయంత్రమే దాన్ని కొనేశాం. ఇక విశాఖ ఫిల్ముల కోసం కాసుకుని కూర్చోనక్కర్లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంచి తీసుకెళ్లి అమ్మ చేతికిచ్చాను. అమ్మ వరస మొదట్నించీ ఒక్కొక్కరినీ చూసుకుంటూ వచ్చి, తన దగ్గర ఆగింది. ఎవులే అని అడగలేదు. వేలితో ఉప్పుకుప్పని తడిమింది. అక్కడ రంగు మందంగా తగులుతుంది. తర్వాత తన చెంప తడిమింది.

"ఇక్కడ రంగెయ్యలేదేటే?"

"లేదమ్మా. అది ఉట్టి గుడ్డే."

ఆ చోట గుడ్డని రెండు వేళ్ల మధ్య నలిపి చూసింది.

"అయితే ఎన్నిసార్లు ఉతికినా నాను పోను" అంది.

బైబిలూ పాటల పుస్తకమూ అందులో వేసుకుని, ఫోటో ఉన్న వైపు బయటికి తిప్పి పట్టుకుని, నాకంటే ముందు చర్చి గేటు దాటింది.