ఫర్నేసులా కట్టిన చేపల గుంట

మా నెహ్రూ నగర్ ఇంట్లో వంటింటి కుళాయి మూడు వారాలుగా కారుతోంది. ముగ్గురు ప్లంబర్లు వచ్చారు. ముగ్గురూ గంభీరంగా తలాడించి, ముందు వచ్చినవాడికి పని రాదని చెప్పి వెళ్లారు. ఎందుకు కారుతోందో తనకి తెలియడం లేదన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు.

నా చిన్నప్పుడు మేం ఛత్తీస్‌గఢ్‌లో, ఉక్కు ప్లాంటు వాళ్ల సెక్టర్ సెవెన్ క్వార్టర్లో ఉండేవాళ్లం. మా నాన్న ప్లాంటులో ఫర్నేసుల లోపల ఇటుకల లైనింగు వేసే మేస్త్రీ. కరిగిన ఇనుము కూడా ఆయన కట్టిన గోడ దాటి రాదని పేరు. ఆ పేరుని ఇంట్లో మాకు రోజూ అన్నంతోపాటు వడ్డించేవారు.

ఒక బుధవారం ఆయన ఖుర్సీపార్ బజారు నుంచి బతికున్న కొర్రమీనుని తెచ్చారు. పులుసుకే. బకెట్లో వేశాక అది నా వైపు చూసిందని నేను గొడవ పెట్టాను. చేపలు అందరి వైపూ అలాగే చూస్తాయని అప్పటికి నాకు తెలీదు. నాన్న జాలిపడి, పెరట్లో దానికో గుంట తవ్వుతానన్నారు. అమ్మ మాత్రం మెత్తబడలేదు.

"ఆదివారం దాకా ఊరుకుంటాను. ఆనక బకెట్టు నాకు కావాల, చేప చింతపండుకి కావాల" అంది.

నాన్న రెండు సాయంత్రాలు తవ్వారు. పాత సామాన్ల కబాడీ దుకాణంలో కొన్న పాత ఫర్నేసు ఇటుకల్ని మధ్యలో కాగితం దూరనంత దగ్గరగా పేర్చి, ఫర్నేసుకి వాడే బూడిదరంగు మట్టితోనే అతికారు. చూడముచ్చటగా కుదిరింది. శనివారం సాయంత్రం పైపు పెట్టి నింపాం. ఆదివారం పొద్దున్నే చూస్తే గుంటలో నీళ్లు లేవు. అడుగున కాస్త బురద, ఊడిపడిన ఇటుకలు నాలుగు. వంటింట్లోంచి మసాలా నూరుతున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు ఏడుపొచ్చింది.

అప్పుడే పాలు పోసే దీదీ వచ్చింది. ఛత్తీస్‌గఢ్ మనిషే అయినా తెలుగువాళ్లుండే మా వీధిలో తిరిగి తిరిగి తెలుగు పట్టేసింది.

"ఏ మట్టి పెట్టినావు, భయ్యా?"

"మామూలు మట్టి కాదు దీదీ. నిప్పు తగిలితే రాయైపోద్ది."

"అయితే గుంటలో ఆగ్ పెడతావా?"

నాన్న వంగి, ఊడిన ఇటుకొకటి తీసి చూశారు. నిప్పు తగలకపోతే ఆ మట్టి గట్టిపడదని ఆయనకి తెలిసినంతగా మా సెక్టర్లో ఎవరికీ తెలీదు. తెలిసిన సంగతే తట్టలేదు. అన్నేళ్లూ ఆయన నిప్పుకే గోడలు కట్టారు. ఈసారి వచ్చింది నీళ్లు.

నేను భయపడ్డాను. ప్లాంటులో ఆయన కేకేస్తే పదిమంది బిగుసుకుపోయేవారట. కానీ ఆయన మెడ రుద్దుకుని, "నీళ్ల పని నాకు తెల్దు దీదీ. నువ్వు చెప్పు" అన్నారు.

ఆమె చెప్పింది. ముందు ఇటుకలన్నీ పీకించింది. వాళ్ల పొలంలోని నల్ల జిగట మట్టి కోసం నాన్న చేత సైకిలు మీద నాలుగు ట్రిప్పులు వేయించింది. మట్టి తడిపి, గుంటంతా పరిచి, తొక్కమంది. నాన్న ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నా భుజం పట్టుకుని చిందేసినట్టు తొక్కారు. "నాచ్ కాదు భయ్యా, గట్టిగా దబావ్!" అని ఆమె గట్టు మీంచి అరుస్తుంటే, మేస్త్రీగారు "సరే దీదీ, సరే దీదీ" అంటూ ఇంకా గట్టిగా అదిమి తొక్కారు. మడమ దిగనంత గట్టిపడ్డాక పైన మరో పొర. అమ్మ మధ్యాహ్నం పప్పు చేసింది. నూరిన మసాలా మీద మూత పెట్టింది గానీ పారెయ్యలేదు.

సాయంత్రం మెల్లగా నీళ్లు నింపి, ఒక పుల్ల గుచ్చి, నీళ్లు ఎంతవరకు ఉన్నాయో బొగ్గుతో గీత గీశాం. సోమవారం పొద్దున నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. నేను వదిలిన ఊపిరికి చేప ఉలిక్కిపడే ఉంటుంది. గుంటలోకి వదలగానే అది అడుక్కి వెళ్లిపోయింది. మళ్లీ నా వైపు చూడలేదు.

తర్వాత నేను కాలేజీ చదువు చదివి, ఉద్యోగం చేసి, రిటైరయ్యాను. చేతకాని పని ఎదురైతే మెడ రుద్దుకుని 'నాకు తెలీదు, మీరు చెప్పండి' అనడం ఆ రోజు నాన్న దగ్గర అబ్బిన అలవాటు. దానివల్ల ఉద్యోగంలో మరీ పైకి వెళ్లలేదు గానీ, ఎక్కడా మునిగిందీ లేదు.

దాంతోపాటు ఇంకో మాట కూడా మిగిలింది. ఆ సోమవారం నాన్న గుంట పక్కన నిలబడి దీదీ తెలివిని పొగుడుతూనే ఉన్నారు. అమ్మ బకెట్టు కోసం వచ్చింది. శ్రీకాకుళం దగ్గరి పల్లెలో, వరి మళ్లలో నీళ్లు నిలవడానికి గట్లు తొక్కి పెరిగిన మనిషి. గుంటని ఓసారి చూసి, బకెట్టు అందుకుంది.

"నాకు తెల్దేటి? నన్నెవులడిగారు?"