యెహోషువ ఏరి తెచ్చిన కుందేళ్లు

చిట్టమూరుకు తూర్పున, ఇసుక దిబ్బల మీద సరుగుడు తోపులు మొదలయ్యే చోట యెహోషువ ఉండేవాడు. కుందేళ్లకు వల కట్టడంలో ఆ చుట్టుపక్కల అతని తర్వాతే ఎవరైనా. అతను పొద పక్కన నిలబడి ఒకసారి దగ్గితే చాలు, కుందేలు తనంతట తనే వచ్చి వలలో కూర్చుంటుందని చెప్పుకొనేవారు. ఇందులో సగం అబద్ధం. దగ్గేది అతని భార్య ఎలిశబెతు.

1961లో అటవీశాఖ రేంజరు పద్మనాభయ్య టేపూ స్ప్రింగు త్రాసూ పట్టుకొని ఆ తోపులోకి వచ్చాడు. కుందేళ్లు లేత మొక్కల్ని కొరికేస్తున్నాయని కొందరు, అసలు కుందేళ్లే అంతరించిపోతున్నాయని కొందరు పై అధికారులకు మొర పెట్టుకున్నారట.

"వలలో పడినవి తెచ్చియ్యి. కొలిచి వదిలేస్తాను. ఆ కొలతల్ని చూసే ఇక్కడ వలలు ఉంచాలా తియ్యాలా అనేది తేలుస్తారు" అన్నాడు రేంజరు.

యెహోషువ సెంటు భూమి లేనివాడు. సరుగుడు నరికే పని లేని నెలల్లో ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ వల పుణ్యమే. అందుకే గట్టిగా ఆలోచించాడు. కోత పండగకు చర్చి గుడికి కానుకగా ఏం తెస్తాం? మచ్చలేనిది, బలిసింది తెస్తాం. మరి సర్కారు త్రాసు మీదికి బక్కదాన్ని ఎక్కిస్తామా?

నెలపాటు అతను తెచ్చిన కుందేళ్లు ఒక్కొక్కటీ మేకపోతంత ఉన్నాయి. రేంజరు వెనక పాదం కొలిచి, చెవి పొడవు పైకి చదివి, గోనె సంచిలో పెట్టి తూచేవాడు. కొలత పెద్దదైన కొద్దీ యెహోషువ ఛాతీ కూడా ఓ అంగుళం పెరిగేది.

నెలాఖరున రేంజరు మొహం వాడిపోయింది.

"పిల్ల ఒక్కటీ లేదు యెహోషువా! అన్నీ ముదురువే. ఈ తోపులో కుందేళ్లు ఈనడం మానేసినట్టుంది. వలలు ఆపమని రాయక తప్పదు."

మజ్జిగ తెచ్చిన ఎలిశబెతు పకపకా నవ్వింది.

"పిల్లలు ఎందుకు లేవు సారూ! వల్లో పడిన పిల్లలకంతా ఈయన బుద్ధులు చెప్పి ఇండ్లకు పంపిస్తా ఉండాడు!"

"మే, నువ్వు ఊరుకో."

"ఊరుకుంటే వల అటకెక్కుద్ది. సారూ, చెవి చినిగింది, కుంటిది, పిల్లది, ఏదీ ఈయన కంటికి ఆనదు. గుడికి తెచ్చినట్టు మీకూ ఏరి తెచ్చినాడు."

"నిజమేనా?"

"మీరింత దూరం వచ్చి కొలస్తా ఉంటే, బక్కది చూపిచ్చేదానికి మొహం చెల్లలా సారూ" అన్నాడు యెహోషువ నేల చూస్తూ.

"నా నెల కష్టం ఇసకలో పోసినావు గదయ్యా! చిన్నవాటి లెక్కే నాక్కావాల్సింది. పిల్లలుంటేనే జాతి పెరుగుతున్నట్టు. రేపు వల నేనే విప్పుతా. నువ్వు చెయ్యి పెట్టొద్దు."

తెల్లారింది. ఎలిశబెతు దగ్గింది. యెహోషువ చేతులు వెనక్కి కట్టుకొని, పెదవులతో ప్రార్థన చేస్తూ నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి బక్క కుందేలు కావాలని దేవుణ్ణి అడిగాడు.

వల కదిలింది. రేంజరు ఒక చిన్నదాన్ని తీసి, దాని ముంగాలి మణికట్టు పైన వేలితో నొక్కి చూశాడు.

"ఇదిగో బుడిపె! ఎముక ఇంకా ముదరలేదు. ఈ ఏటి పిల్ల!"

వెనకే ఇంకో పిల్ల. ఆ వారం పడినవాటిలో సగం పిల్లలే. రేంజరు పాత కాగితాలు చింపి కొత్తవి రాసుకున్నాడు.

"వలలు ఉండనిమ్మని రాస్తాను. ఏటా వచ్చి కొలుస్తాను. పిల్లల్ని మాత్రం వదిలెయ్యాలి."

"ఆ పని ఈయనకి నేర్పక్కర్లా" అంది ఎలిశబెతు.

సంచిలో చివరిది ఒకటి మిగిలింది. చెవి సగం చినిగి, తోక దగ్గర బొచ్చు ఊడిన ముసలి కుందేలు.

"దీన్ని వదిలేద్దాం సారూ. ఊరి పరువు పోతాది."

"తేవయ్యా!"

యెహోషువ నిట్టూర్చాడు. దాన్ని ఒళ్లో పెట్టుకొని, తుండుగుడ్డ కొసతో ఒంటి మీది ఇసుక దులిపి, మిగిలిన బొచ్చును చేత్తో దువ్వాడు.

"ఇప్పుడు తూచండి" అన్నాడు.