మైటోకాండ్రియా వైవా

మొన్న మనవరాలు సైన్సు పుస్తకం పట్టుకుని బిగ్గరగా చదువుతోంది. మైటోకాండ్రియా ఒకప్పుడు విడిగా బతికిన బాక్టీరియా అట, ఓ పెద్ద కణం మింగితే చావకుండా దాని లోపలే కాపురం పెట్టి, దానికి శక్తి తయారుచేసి పెడుతున్నాయట. కళ్లు పుస్తకంలో, చెయ్యి మరమరాల గిన్నెలో. ఆ మాట అంత తేలిగ్గా పలకొచ్చని నాకు తెలియదు. నేను పరీక్షలో ఆ మాట అన్నప్పుడు ఏడాది చదువు పణంగా పెట్టాను.

డెబ్బైల చివరి రోజులవి. మాది భిలాయి సెక్టర్ 7లో క్వార్టరు. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు ప్లాంటులో క్రేన్ ఆపరేటరుగా కుదిరిన మనిషి. నేను పక్కనే ఉన్న దుర్గ్ కాలేజీలో బీఎస్సీ ఆఖరి ఏడు. "ఇంక సాల్లే సదువు" అని అమ్మ. నన్ను ఎమ్మెస్సీ చదివిస్తానని నాన్న షిఫ్టులో అందరికీ చెప్పేసుకున్నారు. వైవా పోతే ఏడాది పోతుంది, ఏడాది పోతే అమ్మ మాటే నెగ్గుతుంది.

మైటోకాండ్రియా సంగతి నాకు లైబ్రరీలో అట్ట ఊడిన ఓ పత్రికలో దొరికింది. మా లెక్చరరు గారికి చెబితే నవ్వేసి, "కహానీ మత్ సునావో బేటీ, కితాబ్ మే జో హై వహీ బోలో" అన్నారు, కథలు మాని పుస్తకంలో ఉన్నదే చెప్పమని. మంచాయనే, కాకపోతే ఆయన పాఠం చెప్పే పుస్తకం నాకన్నా వయసులో పెద్దది.

వైవాకి బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు టీ ఊదుకుంటూ, మైటోకాండ్రియా కణంలోకి ఎలా వచ్చాయని అడిగారు. లెక్చరరు గారు పక్కనే ఉన్నారు. కణమే తయారుచేసుకుందన్న పుస్తకం జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. అదే చెప్పి బయటపడదామనుకున్నాను. నోరు వినలేదు. "బయటి నుంచి వచ్చాయి సర్. ఒకప్పుడు అవి బాక్టీరియా" అనేశాను. లెక్చరరు గారు కళ్లు మూసుకున్నారు. పరీక్షకుడు కప్పు కింద పెట్టి, "సబూత్?" అని రుజువు అడిగారు. వాటికి సొంత డీఎన్ఏ ఉందని, బాక్టీరియాలాగే రెండుగా చీలతాయని, చుట్టూ రెండు పొరలున్నాయని సగం హిందీలో, సగం ఇంగ్లీషులో అప్పజెప్పాను. ఆయన ముఖంలో ఏమీ కనబడలేదు. "ఠీక్ హై, జావో" అన్నారంతే.

వరండాలో కూర్చుని, అమ్మకి ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. గంట తర్వాత లెక్చరరు గారు చెమట తుడుచుకుంటూ వచ్చి, "నీ వైవా బాగా అయింది బేటీ. నువ్వు వెళ్లాక ఆయన నాకు పెట్టారు వైవా. ఆ పత్రిక ఎక్కడుందో చూపించు" అన్నారు హిందీలో. పొద్దున్నుంచీ ముట్టని టిఫిన్ డబ్బా అక్కడే మెట్ల మీద తెరిచి, చల్లారిన పులిహోర మెతుకు మిగల్చకుండా తినేశాను. అంత రుచిగా అమ్మ ఎప్పుడూ చేయలేదు.

ఇంటికి చేరేసరికి నాన్న గేటు దగ్గరే నిలబడి ఉన్నారు. "ఏటైందమ్మా?" అన్నారు. చెప్పాను. అంతా విని, ఊపిరి వదిలి, ఆయన ఒక్క మాట అడిగారు: "అది సరేగానీ, మింగినదాన్ని అరిగించుకోకుండా ఎందుకొగ్గేసినాదే అది?"

ఎందుకు వదిలేసిందో నాకు తెలియదన్నాను. తర్వాత ఎమ్మెస్సీ చదివి, ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పినా అదే జవాబు. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు ఇప్పటికీ దాని గురించి వాదించుకుంటూనే ఉన్నారు. కోట్ల ఏళ్ల కిందటి ఆ ముద్ద సంగతి తేలడానికి మా నాన్న తరం, నా తరం చాలకపోవడం ఓ వింతేమీ కాదు.